వెయ్యి తలుపుల కోటకు ఒక రోజు ప్రయాణం



విహారయాత్ర అనగానే మనకు గుర్తొచ్చేవి పులిహోర పొట్లాలు, కిటికీ పక్క సీటు కోసం తగాదా, అందరూ కలిసి దిగిన ఫొటో. తిరిగి వచ్చాక ఇంట్లో వాళ్ళు "ఏం చూశావు?" అని అడిగితే "కోట చూశాం, చాలా బాగుంది" అంటాం. రెండో వాక్యం రాదు. చూడటం వేరు, గమనించడం వేరు. ఈ రెంటికీ ఉన్న తేడా ఏమిటో ఈ పాఠంలో ఒక రైలు ప్రయాణం ద్వారా తెలుసుకుందాం.

కొన్నేళ్ళ క్రితం కోల్‌కతాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలను కొందరిని వెంటబెట్టుకుని ముర్షిదాబాద్ వెళ్ళాను. తొమ్మిదో తరగతి వాళ్ళ నుంచి ఇంటర్మీడియట్ స్థాయి వాళ్ళ వరకూ ఉన్నారు. ఉదయం కోల్‌కతాలో రైలెక్కి, రాత్రికి తిరిగి ఇల్లు చేరగలిగిన ప్రయాణం అది. బెంగాల్, బీహార్, ఒరిస్సా సుబాలను ఏలిన నవాబుల రాజధాని ముర్షిదాబాద్. అక్కడి నిజామత్ కిలాలో వెయ్యి తలుపుల మేడ, 'హజార్‌దువారీ' ఉంది. హజార్ అంటే వెయ్యి, దువార్ అంటే ద్వారం.

బయలుదేరే ముందు ఒక్కొక్కరికీ ఒక నోటుబుక్కు ఇచ్చి, పేజీని మూడు నిలువు గడులుగా గీయమన్నాను. మొదటి గడికి 'కొలిచినవి', రెండో గడికి 'రాసి ఉన్నవి', మూడో గడికి 'విన్నవి' అని పేర్లు పెట్టించాను. స్వయంగా లెక్కించినదీ కొలిచినదీ మొదటి గడిలోకి వెళుతుంది. శాసనం మీదా బోర్డు మీదా పుస్తకంలోనూ ఉన్నది రెండో దానిలోకి, గైడూ తోటి ప్రయాణికులూ చెప్పినది మూడో దానిలోకి వెళతాయి. వీటితో పాటు ఒక టేపు, సెకన్ల ముల్లున్న వాచీ ఉంటే చాలు. మన ప్రయోగశాల సిద్ధమైనట్టే.

రైలు పెట్టెలో మొదటి పాఠం

ముర్షిదాబాద్ కోల్‌కతాకు ఉత్తరంగా రైలు మార్గంలో సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉంది. చిత్‌పూర్ దగ్గరి కోల్‌కతా స్టేషన్ నుంచి లాల్‌గోలా వైపు వెళ్ళే హజార్‌దువారీ ఎక్స్‌ప్రెస్ అక్కడికి చేరడానికి నాలుగు గంటలు అటూ ఇటూగా పడుతుంది. రైలు వేళలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు సరిచూసుకోవాలి. నైహాటి, రాణాఘాట్, కృష్ణనగర్ దాటి రైలు పచ్చటి వరి చేల మధ్య నుంచి సాగుతుంది. ఈ దారిలో బరంపురం అనే ఊరు తగులుతుంది. ఇది మనవాళ్ళకు బాగా తెలిసిన ఒడిశా బరంపురం కాదు, బెంగాల్‌లోని మరో బరంపురం. ఛానాబడా అనే మిఠాయికి ఈ ఊరు ప్రసిద్ధి.

కిటికీ లోంచి చూస్తే విద్యుత్ తీగలను మోసే స్తంభాల మీద ఒకదాని కింద ఒకటిగా రెండు సంఖ్యలు కనిపిస్తాయి. పైది కిలోమీటరు సంఖ్య. కిందిది ఆ కిలోమీటరులో ఆ స్తంభం వరుస సంఖ్య. పై సంఖ్య ఒకసారి మారినప్పటి నుంచి మళ్ళీ మారే వరకూ ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 3600ను ఆ సెకన్లతో భాగిస్తే రైలు వేగం గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 45 సెకన్లు పడితే వేగం గంటకు 80 కిలోమీటర్లు అన్నమాట.

ఇక్కడ పిల్లలకు ఒక సందేహం వచ్చింది. రైలు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే 200 కిలోమీటర్లకు రెండున్నర గంటలే పట్టాలి కదా, నాలుగు గంటలు ఎందుకు? మనం సెకన్లు లెక్కపెట్టి కనుక్కున్నది ఆ ఒక్క కిలోమీటరులో ఉన్న వేగం. 200ను 4తో భాగిస్తే వచ్చే 50 మొత్తం ప్రయాణపు సగటు వేగం. స్టేషన్లలో ఆగిన సమయమూ, సిగ్నల్ కోసం నెమ్మదించిన సమయమూ ఆ సగటులోనే కలిసిపోతాయి. పుస్తకంలో రెండు నిర్వచనాలుగా బట్టీ పట్టిన విషయం కిటికీ దగ్గర పది నిమిషాల్లో అర్థమైంది.

పలాశి స్టేషన్ దగ్గర

ముర్షిదాబాద్‌కు ఇంకా గంట ప్రయాణం ఉందనగా పలాశి స్టేషన్ వస్తుంది. ఇంగ్లీషు వాళ్ళు ప్లాసీ అన్నది ఈ ఊరినే. పలాశ వృక్షం, అంటే మన మోదుగ చెట్టు, పేరు మీదుగా ఈ ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. ఇది మూడో గడిలో రాసుకోవలసిన మాట. 1757 జూన్ 23న ఇక్కడ నవాబు సిరాజుద్దౌలాకూ, రాబర్ట్ క్లైవ్ నడిపిన ఈస్టిండియా కంపెనీ సైన్యానికీ యుద్ధం జరిగింది. అదే ఏడాది జనవరిలో మన దగ్గర బొబ్బిలి యుద్ధం జరిగింది.

కంపెనీ వైపు సుమారు 3 వేల మంది ఉంటే, అందులో రెండు వేల పైచిలుకు మన దేశపు సిపాయిలే. నవాబు వైపు సుమారు 50 వేల మంది ఉన్నారు. క్లైవ్ మద్రాసు నుంచి తెచ్చిన దళాల కారణంగా ఆ కాలంలో ఉత్తరాదిన కంపెనీ సిపాయిలను 'తిలంగాలు' అని పిలిచేవారు. తెలుగు నేల పేరు నుంచి వచ్చిన మాటే అది. ఈ సంగతి చెప్పగానే పిల్లలు కిటికీ లోంచి మరోసారి తొంగి చూశారు. పరాయి చరిత్ర అనుకున్నదానిలో మన పేరూ ఉందన్నమాట.

యుద్ధం నాటి మధ్యాహ్నం వాన కురిసింది. కంపెనీ సైనికులు తమ తుపాకి మందును టార్పాలిన్లతో కప్పుకున్నారు. నవాబు మందు తడిసిపోయింది. తడిస్తే ఏమవుతుంది? తుపాకి మందులో మూడు పదార్థాలుంటాయి. సుమారు 75 పాళ్ళు సురేకారం, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం. సురేకారం అంటే పొటాషియం నైట్రేట్. బొగ్గూ గంధకమూ మండటానికి కావలసిన ఆక్సిజన్‌ను అందించేది అదే. మామూలు ఉష్ణోగ్రత వద్ద 100 మిల్లీలీటర్ల నీటిలో సుమారు 30 గ్రాముల సురేకారం కరిగిపోతుంది. బొగ్గూ గంధకమూ నీటిలో కరగవు. అంటే వాన నీరు మూడింటిలో ముఖ్యమైన దాన్ని కరిగించి, మిగతా రెంటి నుంచి వేరు చేస్తుంది. తర్వాత ఎండబెట్టినా గింజల్లో మునుపటి మిశ్రమం ఉండదు.

అయితే వాన వల్లే నవాబు ఓడిపోయాడని రాసుకోవచ్చా? ఒక అబ్బాయి అలాగే రాశాడు. ఆగమన్నాను. ఫిరంగులు ఎందుకు మూగబోయాయో రసాయనశాస్త్రం చెబుతుంది. కానీ నవాబు సైన్యంలో అధిక భాగం మీర్ జాఫర్ తదితరుల చేతిలో ఉండి, కంపెనీతో ముందే చేసుకున్న రహస్య ఒప్పందం ప్రకారం యుద్ధంలో పాల్గొనకుండా నిలబడిపోయింది. వేలాది మంది ఎందుకు నిలబడిపోయారన్నదానికి సురేకారం జవాబు చెప్పదు. ఒక కారణం నిజమైనంత మాత్రాన అదే మొత్తం కారణం కాదు. పరీక్షలో రాసే జవాబుకైనా, పత్రికలో చదివే వార్తకైనా ఈ జాగ్రత్త అవసరం.

యుద్ధం జరిగిన మామిడి తోపు ఇప్పుడు లేదు. ఆ మైదానంలో చాలా భాగాన్ని భాగీరథి నది కోసుకుపోయింది. నది వంపు తిరిగిన చోట బయటి ఒడ్డు వైపు నీరు వేగంగా ప్రవహించి మట్టిని కోస్తుంది. లోపలి ఒడ్డు వైపు నెమ్మదిగా పారి ఇసుక మేట వేస్తుంది. ఇలా వంపు ఏటేటా జరుగుతూ పోతుంది. గోదావరి లంకల్లో ఉండే మీకు ఇది కొత్త విషయం కాదు. చరిత్ర పుస్తకంలోని పటం చూసి ఆ స్థలం ఇప్పటికీ అలాగే ఉంటుందనుకోవడం పొరపాటు.

కోట ఏది?

ముర్షిదాబాద్ స్టేషన్‌లో దిగి టోటోలు మాట్లాడుకున్నాం. బ్యాటరీతో నడిచే రిక్షాను అక్కడ టోటో అంటారు. నిజామత్ కిలా ఆవరణలోకి అడుగు పెట్టగానే పిల్లల ముఖాలు చిన్నబోయాయి. వాళ్ళు గోలకొండ లాంటి బురుజులనూ అగడ్తనూ ఊహించుకున్నారు. ఎదురుగా కనిపించింది గ్రీకు పద్ధతి స్తంభాలతో, కోల్‌కతాలోని పాత ప్రభుత్వ భవనాల వంటి పసుపు రంగు మేడ.

"సార్, కోట ఏది?" అని అడిగారు. మంచి ప్రశ్న. దానికి జవాబు తేదీల్లో ఉంది. దివాన్ ముర్షిద్ కులీ ఖాన్ 18వ శతాబ్దం మొదట్లో ఢాకా నుంచి తన కచేరీని ఇక్కడికి మార్చాడు. ఊరికి తన పేరు పెట్టాడు. 1717లో నవాబు అయ్యాడు. పట్టు, వస్త్ర వ్యాపారాలతో నగరం ఎంత పెరిగిందంటే, లండన్ అంత విశాలమైనదీ సంపన్నమైనదీ అని క్లైవే చెప్పాడు. 1765లో బెంగాల్ శిస్తు వసూలు హక్కు కంపెనీకి దక్కింది. 1772లో వారన్ హేస్టింగ్స్ ఖజానానూ ప్రధాన న్యాయస్థానాలనూ కలకత్తాకు తరలించాడు. ఆ తర్వాత నవాబులు కంపెనీ ఇచ్చే భరణం మీద బతికారు.

మరి ఈ మేడ ఎప్పుడు కట్టారు? 1829లో మొదలుపెట్టి 1837లో పూర్తిచేశారు. కట్టించింది నవాబు హుమాయూన్ జా, నిర్మాణ శిల్పి డంకన్ మెక్లియోడ్ అనే ఇంగ్లీషు సైన్యపు ఇంజనీరు. దీని కోసం పాత కోటను పడగొట్టారు. ద్వారాలు కొన్నీ, కిలా అన్న పేరూ మిగిలాయి. అంటే అధికారం చేజారిన 65 ఏళ్ళకు ఈ మేడ లేచింది. శత్రువును ఆపవలసిన పని లేదు కాబట్టి బురుజులు లేవు. దర్బారులు జరపాలి, దొరలకు విడిది ఇవ్వాలి కాబట్టి మెట్లూ స్తంభాలూ పెద్ద హాళ్ళూ ఉన్నాయి. కట్టడాన్ని చూసి అది ఏ అవసరం కోసం పుట్టిందో ఊహించడం, తర్వాత ఆ ఊహను తేదీలతో సరిచూడటం కూడా శాస్త్రీయ పద్ధతే.

తలుపుల లెక్క

ముందు మెట్ల దగ్గర ఆగాం. మొత్తం 37 మెట్లు, అన్నిటికన్నా కింది మెట్టు పొడవు 108 అడుగులు అని పుస్తకాల్లో ఉంది. దాన్ని సరిచూడటం ఎలా? ముందు పది అంగలు వేసి టేపుతో కొలుచుకుంటే ఒక అంగ పొడవు తెలుస్తుంది. అంగకు రెండడుగులు వేసేవాడికి కింది మెట్టు పొడవునా 54 అంగలు రావాలి. ఒకటి రెండు అటూ ఇటూ అయితే ఫరవాలేదు. నలభయ్యో డెబ్భయ్యో వస్తే మన అంగలోనో, చదివిన అంకెలోనో తప్పున్నట్టు.

తలుపుల సంగతి ఇంకా ఆసక్తికరం. మొత్తం వెయ్యి తలుపులనీ, వాటిలో 900 నిజమైనవి, 100 ఉత్తుత్తివి అనీ అంటారు. ఉత్తుత్తి తలుపంటే చౌకట్టూ రెక్కలూ ఉన్నట్టు కనిపించి, వెనక గోడ మాత్రమే ఉన్నది. మేడలోని గదులు 114 అని రాసి ఉంది. 900ను 114తో భాగిస్తే సుమారు 8 వస్తుంది. ప్రతి తలుపూ వరండాలోకే తెరుచుకుంటే గదికి ఎనిమిది తలుపులుండాలి. ప్రతి తలుపూ రెండు గదుల మధ్యే ఉంటే, ఒక్కో తలుపు రెండు గదులకూ లెక్కలోకి వస్తుంది కాబట్టి గదిలో నిలబడితే పదహారు కనిపించాలి. నిజం ఈ రెంటి మధ్య ఎక్కడో ఉండాలి. అన్ని గదుల్లోకీ సందర్శకులను వెళ్ళనివ్వరు. కాబట్టి తెరిచి ఉన్న గదుల్లో లెక్కపెట్టి సగటు తీయాలి. పిల్లలు అలాగే చేశారు. వచ్చిన సగటును బట్టి వెయ్యి అన్నది అసాధ్యమైన మాట కాదని తేలింది. కానీ మొత్తం లెక్కించలేదు కాబట్టి ఆ సంఖ్యను రెండో గడిలోనే ఉంచారు. మొదటి గడిలోకి ఎక్కించలేదు.

ఉత్తుత్తి తలుపులు దొంగలను తికమక పెట్టడానికని గైడు చెప్పాడు. అయి ఉండవచ్చు. ఇంకో కారణమూ ఆలోచించండి. గ్రీకు పద్ధతి కట్టడాల్లో ఎడమా కుడీ అచ్చు ఒకేలా ఉండాలి. తలుపుల వరుస ఎక్కడా తెగకూడదు. అడ్డుగోడో మెట్లో వచ్చి నిజం తలుపు పెట్టడానికి వీల్లేని చోట, వరుస కోసం తలుపు ఆకారం పెడతారు. ఈ రెండు కారణాల్లో ఏది సరైనదో తెలుసుకోవాలంటే ఉత్తుత్తి తలుపులు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తించాలి. అడ్డగోడలున్న చోటే ఉంటే రెండో కారణానికి బలం వస్తుంది. ఏదో ఒక కారణం వినగానే తృప్తి పడకుండా, రెండో కారణాన్ని వెతికి, రెంటికీ తేడా చూపే పరిశీలన ఏమిటో ఆలోచించడం అలవాటు చేసుకోవాలి.

అద్దం దగ్గర అడిగిన ప్రశ్న

హజార్‌దువారీ ఇప్పుడు భారత పురావస్తు సర్వే వారి మ్యూజియం. శుక్రవారం సెలవు. లోపల ఫొటోలు తీయనివ్వలేదు. ఆయుధాలు, చిత్రాలు, పెద్ద షాండ్లియర్ చూసుకుంటూ రెండు అద్దాల దగ్గరికి వచ్చాం. అవి ఒకదానికొకటి 90 డిగ్రీల కోణంలో అమర్చి ఉంటాయి. ముందు నిలబడితే మన ముఖం మనకు కనబడదు. పక్కన ఉన్నవాళ్ళకు మాత్రం కనిపిస్తుంది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు నిలబడి కేకలు వేశారు.

"ఇది నవాబుగారి మాయా అద్దం. వెనక నుంచి హంతకుడు వస్తే నవాబుకు కనిపిస్తాడు, వాడికి నవాబు కనిపించడు" అన్నాడు గైడు. అంతవరకూ ఏమీ మాట్లాడని తొమ్మిదో తరగతి అమ్మాయి బెంగాలీలో అడిగింది: "దాదా, అద్దంలో నాకు అతను కనిపిస్తే, అతనికి నేను కనిపించనా?"

గైడు నవ్వి, అందరూ అలాగే చెబుతారమ్మా అన్నాడు. నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే అంతకు ముందు రెండుసార్లు ఆ అద్దం చూసి, తరగతిలో నేనూ అదే కథ చెప్పాను. భౌతికశాస్త్రంలో పీజీ చేసి, ఏళ్ళ తరబడి కాంతి పాఠం చెప్పిన నాకు ఆ ప్రశ్న తట్టలేదు. కథ బాగుంది, నమ్మేశాను. ఆ మాట అక్కడే పిల్లల ముందు ఒప్పుకున్నాను.

ఇప్పుడు అద్దం సంగతి చూద్దాం. సమతల దర్పణంలో మీ ముఖం మీకు కనిపించాలంటే, ముఖం నుంచి బయలుదేరిన కాంతి అద్దానికి లంబంగా తగిలి, వచ్చిన దారినే వెనక్కి రావాలి. మీ నుంచి అద్దం తలానికి గీసిన లంబం అద్దం మీద కాక దాని అంచు బయట పడితే, ఆ అద్దంలో మీరు మీకు కనిపించరు. ఏటవాలుగా అవతల నిలబడ్డవారికి కనిపిస్తారు.

లంబకోణంలో ఉన్న రెండు అద్దాలకు మరో ప్రత్యేకత ఉంది. రెంటి మీదా తగిలిన కిరణం, వచ్చిన దిశకు సమాంతరంగానే వెనక్కి పోతుంది. అయితే కొంచెం పక్కకు జరిగి పోతుంది. ఆ పక్కన ఉన్నవారి కంటిలో అది పడుతుంది. మీ కంటికే తిరిగి రావలసిన కిరణం రెండు అద్దాలూ కలిసే మూలకు తగలాలి. ఆ మూలలో గాజు లేకపోతే ఆ కిరణం తిరిగి రాదు.

ఇంట్లో చేసి చూడండి. అడుగు వెడల్పు అద్దాలు రెండు తీసుకుని, గోడ మూలలో లాగా 90 డిగ్రీల కోణంలో మీ కళ్ళ ఎత్తున నిలబెట్టండి. మొదట రెండు అంచులూ తగిలేలా ఉంచి, ఎదురుగా మీటరు దూరంలో నిలబడండి. మీ ముఖం కనిపిస్తుంది. మామూలు అద్దంలో లాగా కుడి ఎడమలు తారుమారు కావు. ఇప్పుడు కోణం మార్చకుండా, మూల దగ్గర అంచుల మధ్య అయిదు అంగుళాల ఖాళీ వచ్చేలా అద్దాలను ఎడంగా జరపండి. మీ ముఖం మాయమవుతుంది. మీ తలకు అడుగు దూరంలో తల పెట్టిన స్నేహితుడికి మాత్రం మీ ముఖం కనిపిస్తుంది. అదే సమయంలో మీకు అతని ముఖం కనిపిస్తుంది.

కాంతి ఒక దారిన వెళ్ళగలిగితే అదే దారిన వెనక్కి కూడా రాగలదు. ఆటోలో వెనక సీటులో కూర్చున్నప్పుడు ముందు అద్దంలో డ్రైవర్ కళ్ళు మీకు కనిపిస్తే, మీ కళ్ళు అతనికీ కనిపిస్తాయి. కాబట్టి నవాబుకు హంతకుడు కనిపించే అద్దంలో హంతకుడికీ నవాబు కనిపిస్తాడు. హంతకుడు అద్దం వైపు చూడకపోతేనో అని ఒక అబ్బాయి అడిగాడు. నిజమే. అప్పుడు నవాబుకు ఉపయోగమే. కానీ ఆ పని గోడకు తగిలించిన ఏ మామూలు అద్దమైనా చేస్తుంది. దానికి మాయ అక్కర్లేదు.

ఫిరంగిని తూచడం ఎలా?

మధ్యాహ్నం భోజనం అయ్యాక కత్రా మసీదు వైపు వెళ్ళాం. ఆ దగ్గరలోనే తోప్‌ఖానాలో జహాన్‌కోషా అనే ఫిరంగి ఉంది. లోకాన్ని జయించేది అని ఆ పేరుకు అర్థం. 1637లో ఢాకాలో జనార్దన్ కర్మకార్ అనే కమ్మరి దీన్ని తయారు చేశాడని దానిపై ఉన్న పర్షియన్ ఫలకాల వల్ల తెలుస్తోంది. రాజుల పేర్లే మిగిలే చరిత్రలో ఒక చేతిపనివాడి పేరు ఇలా మిగలడం విశేషం. పొడవు 17 అడుగుల 6 అంగుళాలు, మందు అంటించే చివర చుట్టుకొలత 5 అడుగులు, గొట్టం రంధ్రం వ్యాసం 6 అంగుళాలు, బరువు 212 మణుగులు అని రికార్డుల్లో ఉంది. అష్టధాతువులతో పోతపోశారంటారు.

మన దగ్గర త్రాసు లేదు. అయినా ఆ బరువు నమ్మదగినదో కాదో తేల్చవచ్చు. ఫిరంగిని ఒక స్థూపం అనుకుందాం. చుట్టుకొలత 1.52 మీటర్లు కాబట్టి వ్యాసార్ధం 0.242 మీటర్లు, అడ్డుకోత వైశాల్యం సుమారు 0.184 చదరపు మీటర్లు. పొడవు 5.33 మీటర్లతో గుణిస్తే 0.98 ఘనపు మీటర్లు. లోపలి రంధ్రం ఘనపరిమాణం సుమారు 0.10 తీసేస్తే 0.88 మిగులుతుంది. రాగి ప్రధానంగా ఉన్న మిశ్రమలోహం సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 8,500 కిలోలు. గుణిస్తే 7,500 కిలోలు. ఇప్పుడు రికార్డు చూద్దాం. బెంగాల్ మణుగు 37.3 కిలోలు. 212 మణుగులంటే సుమారు 7,900 కిలోలు. తేడా నూటికి అయిదు పాళ్ళే!

ఫిరంగి అన్ని చోట్లా ఒకే లావు ఉండదు, మీద పట్టీలు ఉంటాయి, లోహాల పాళ్ళు మనకు కచ్చితంగా తెలియవు. ఇది కేవలం అంచనా. అయినా, రాసినవాళ్ళు నోటికొచ్చిన అంకె వేయలేదని చెప్పడానికి ఈ అంచనా సరిపోతుంది. అద్దం దగ్గర కథ ఓడిపోయింది. ఇక్కడ రికార్డు గెలిచింది. ప్రశ్నించడం అంటే ప్రతిదాన్నీ కాదనడం కాదని పిల్లలకు ఇక్కడ అర్థమైంది.

కూలిన గుమ్మటాలు

ముర్షిద్ కులీ ఖాన్ కత్రా మసీదును 1723-24లో కట్టించాడు. తన సమాధి మెట్ల కింద ఉండేలా ఏర్పాటు చేసుకున్నాడు. ప్రార్థనకు వచ్చేవారి పాదధూళి తన మీద పడాలన్నది ఆయన కోరిక అంటారు. సమాధి అక్కడ ఉండటం చూసినది. కోరిక విన్నది.

ఈ మసీదు గుమ్మటాల్లో కొన్ని 1897 జూన్ 12న వచ్చిన భూకంపంలో కూలిపోయాయి. భూకంపం పుట్టింది ఇక్కడ కాదు, సుమారు 400 కిలోమీటర్ల దూరంలోని షిల్లాంగ్ పీఠభూమిలో. తీవ్రత 8కి పైనే. అంత దూరం వచ్చినా ప్రకంపనలు ఎందుకు తగ్గలేదు? బెంగాల్ మైదానం నదులు తెచ్చి పోసిన మెత్తటి ఒండ్రు మట్టి. రాతి నేల కన్నా ఒండ్రు నేల ప్రకంపనలకు ఎక్కువగా ఊగుతుంది. పైగా ఇటుక, సున్నం కట్టడాలు నొక్కే బలాన్ని బాగా తట్టుకుంటాయి గాని లాగే బలాన్ని తట్టుకోలేవు. గుమ్మటం అడుగు భాగం ఎప్పుడూ బయటికి విచ్చుకోవాలని చూస్తుంది. నేల ఊగినప్పుడు ఆ లాగుడు ఎక్కువై పగుళ్ళు పడతాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఇళ్ళు కట్టుకునేవారూ గుర్తుంచుకోవలసిన విషయం ఇది.

తిరుగు ప్రయాణం

సాయంత్రం రైలెక్కాక నోటుబుక్కులు తీయించాను. పొద్దున మూడో గడి కిక్కిరిసి, మొదటి గడి ఖాళీగా ఉంటుందని భయపడ్డాను. కానీ వేగం, అంగల లెక్క, గదుల్లో తలుపులు, ఫిరంగి ఘనపరిమాణం అన్నీ మొదటి గడిలో ఉన్నాయి. మూడో గడిలో రాసిన కొన్నిటి పక్కన ప్రశ్న గుర్తులున్నాయి. అద్దం ప్రశ్న అడిగిన అమ్మాయి గైడు కథను కొట్టివేయలేదు. "ఇలా చెప్పుకుంటారు, కానీ కాంతి నియమానికి సరిపోదు" అని రాసింది. అది సరైన పద్ధతి. కథలు కూడా ఆ ఊరి ఆస్తే. రాజ్యం పోయిన నవాబు హంతకులకు భయపడుతూ బతికాడని జనం ఊహించుకున్నారంటే, ఆ ఊహ కూడా ఆ కాలం గురించి ఏదో చెబుతుంది. కథను కథగా, కొలతను కొలతగా ఉంచుకోవాలి. రెంటినీ ఒకే గడిలో రాయడంతోనే చిక్కు మొదలవుతుంది.

మీరు ముర్షిదాబాదే వెళ్ళనక్కర్లేదు. కొండపల్లి, గోలకొండ, చంద్రగిరి, వరంగల్లు, ఏ కోటైనా సరే. ఒక టేపు, ఒక వాచీ, మూడు గడుల నోటుబుక్కు తీసుకెళ్ళండి. తిరిగి వచ్చాక ఇంట్లో "ఏం చూశావు?" అని అడిగితే, ఈసారి మీ దగ్గర రెండో వాక్యం ఉంటుంది.

మీరు చేయవలసిన కృత్యాలు

1. మీరు ప్రయాణించే రైలు వేగాన్ని వరుసగా పది కిలోమీటర్లకు కనుక్కుని గ్రాఫు గీయండి. సగటు వేగంతో పోల్చండి.

2. రెండు అద్దాల ప్రయోగం చేసి, మూల దగ్గర ఖాళీ ఎన్ని అంగుళాలు అయినప్పుడు మీ ముఖం పూర్తిగా మాయమైందో రాయండి. దూరం మారిస్తే ఏమవుతుంది?

3. మీ ఊరి కోట, గుడి లేదా చెరువు గురించి పెద్దలు చెప్పే ఒక కథను తీసుకోండి. అందులో కొలిచి తేల్చగలిగినది ఏదో, రికార్డుల్లో వెతకవలసినది ఏదో, కథగా ఉంచవలసినది ఏదో మూడు గడుల్లో రాయండి.